మూడో గొంతు

ఆదోనిలో కాశప్ప మొగం తెలియనోళ్ళు ఉంటారేమో గానీ, గొంతు తెలియనోళ్ళు ఉండరు. ఆటో మీద రెండు మైకులు కట్టుకొని వీధి వీధి తిరిగి చెప్పడం ఆయన పని. చిన్నప్పుడే బడి మానేసినాడు, అప్పటినుంచి ఈ గొంతే కూడు పెడుతోంది. ఆయనకు రెండు గొంతులుండేవి. చీరల తగ్గింపు అమ్మకాలకు, సర్కసులకు, మీటింగులకు ఒకటి. అది ఎగిరెగిరిపడే గొంతు. చావులకు ఇంకొకటి. ఫలానా వీధిలో ఫలానా ఆయన కాలం చేసినారు అని చెప్పేటప్పుడు గొంతును నేలకు దించేస్తాడు. చావు కబురు అరిచి చెప్తే ఎవరూ వినరు. చిన్నగా చెప్తే కుళాయికాడ కొట్లాడుకునే ఆడోళ్ళు సైతం బిందెలు పక్కన పెట్టి నోరు మూసుకుంటారు.

ఈ కిటుకు ఆయనకు మనుషులు నేర్పలేదు, మైకే నేర్పింది. చేతిలో మైకును తెచ్చి, కూత బయటికొచ్చే హారన్ గొట్టం ముందర పెడితే, దాని కూత దానికే మళ్ళీ ఎక్కి, చెవులు చిల్లులు పడేట్టు కీమంటుంది. తెలియనోడు దాన్ని మించి అరుస్తాడు. తెలిసినోడు వాల్యూము దించుతాడు.

మూడో గొంతు శేషన్న పెట్టించింది.

శేషన్న వార్డుకు నిలబడాలని చూస్తున్న మనిషి. తెల్లచొక్కా, చేతికి కడియం, చుట్టూ పనీపాటా లేని మంద. ఒకరోజు కాశప్పను పిలిచి, పిల్లల్ని ఎత్తుకపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఊరంతా చెప్పమన్నాడు.

"నిజంగానే తిరుగుతాండారా అన్నా?"

"తిరక్కపోతే మాత్రం, జాగ్రత్తగా ఉండండి అనేది తప్పా? కింద నా పేరు సెప్పు. మన పిల్లోళ్ళు కాపలా కాస్తారని సెప్పు. కొంచెం భయం పెట్టప్పా. చీరలమ్మినట్ల సెప్పొద్దు."

శేషన్న ఇచ్చింది రెండు ముక్కలు. రెండు ముక్కలు మైకుకు ఏ మూలకు? కాశప్ప సొంత మసాలా నూరినాడు. చాక్లెట్ ఇచ్చి మాయ చేస్తారంట. నెత్తిన తువ్వాల కప్పి బస్సెక్కిస్తారంట. ఎవరీ పాప అని అడిగితే నా మనవరాలు అంటారంట. అన్నీ అప్పటికప్పుడు నోటికొచ్చినవే. 'తల్లులారా' అని ఏడుపు జీర పెట్టి, మధ్యమధ్యలో ఆగి, గొంతు వణికించి రికార్డు చేసినాడు. మళ్ళీ వింటే ఆయనకే ఒళ్ళు జలదరించింది. బాగా కుదిరిందని మురిసినాడు కూడా. ఛీ.

ఆటో ఆ రికార్డుతో తిరుగుతుండగానే అది ఫోన్లకెక్కింది. ఎవడో దానికి యాడివో పిల్లల ఫోటోలు అతికించినాడు. కోడుమూరు పోయింది, మద్దికెర పోయింది, తిరిగి తిరిగి కాశప్ప ఫోనుకే వచ్చింది, 'నిజమేనంట, అందరికీ పంపండి' అని కింద రాసి. ఆయన పెండ్లాం తలుపుకు కొత్త గడియ బిగించింది.

"అది నేను కల్పించిందే!"

"నీ మొగం, నీకేం తెలుసు? ఫోన్లో వచ్చింది సూడు," అనిందామె.

ఇట్లుండగా గోనెగండ్లనుంచి కూతురు ఈశ్వరి కబురు చేసింది. ఈ ఏడు కూడా చేనులో ఏమీ మిగల్లేదు. మొగుడూ పెండ్లాం గుంటూరు పక్కకు మిరపకాయలు కోయను పోతున్నారు, పాపను తీసుకపొమ్మని. నాలుగేళ్ళ హేమకు తాత సరిగా గుర్తు కూడా లేడు. ఆటో శేషన్న ప్రచారంలో ఉంది. కాశప్ప బస్సులోనే పోయి, పాపను సంకనేసుకొని మళ్ళినాడు.

ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సుకు ఆగల్ల. ఎండ సుర్రుమంటోంది. గోడవారగా ఉచ్చ కంపు. హేమ ఉన్నట్టుండి అందుకుంది.

"అమ్మ కావల్ల. నువ్వొద్దు. అమ్మ కాడికి పోదాం!"

వెనక్కి విరుచుకుపడి ఏడుస్తోంది. ఎండ తగలకుండా కాశప్ప పాప నెత్తిన తువ్వాల కప్పినాడు. పక్కన అంగట్లో చాక్లెట్ కొన్నాడు. కాగితం విప్పుతా విప్పుతా చేయి ఆగిపోయింది. ఎదురు బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి తన పిల్లోని కాళ్ళ మధ్యకు లాక్కొని ఆయన్నే చూస్తోంది.

"ఎవురప్పా ఆ పాప?"

"నా మనవరాలమ్మా."

అనేసినాక నాలిక కరుచుకుంటే ఏం లాభం?

ఆమె లేచింది. ఆమె వెంట ఇద్దరు, వాళ్ళ వెంట నలుగురు. ఫోను పైకెత్తి పట్టుకున్న పడుచోడు ఒకడు ముందుకు దూరినాడు. "పాపా, ఈయప్ప నీకు తెలుసా?" అన్నాడు. హేమ ఏడుస్తానే తల అడ్డంగా ఊపింది. కాశప్ప ఈశ్వరికి ఫోన్ కలిపినాడు. స్విచాఫ్. లారీ ఎక్కేసినట్టుంది.

"స్విచాఫ్ అంట! ఎంత బాగా సెప్తాండాడు సూడు!"

పడుచోడు తన ఫోన్లోంచి రికార్డు పెట్టినాడు. "ఇను. మైకులో సెప్పింది అబద్ధమా?"

'తల్లులారా...' అంది కాశప్ప గొంతు. చాక్లెట్, తువ్వాల, మనవరాలు. ఒక్కటీ తప్పిపోలేదు.

"అది నా గొంతేనయ్యా! సెప్పింది నేనే!" అని కాశప్ప అరిచినాడు.

"దొంగే వచ్చి దొంగొస్తాండాడని మైకులో సెప్తాడంట!"

నవ్వులు. ఆ నవ్వుల్లోంచే ఒక చెయ్యి వచ్చి చెంప మీద పడింది. ఇంకొకడు చొక్కా పట్టినాడు. ఎవరో పాప రెక్క పట్టి గుంజుతున్నారు. హేమ కెవ్వుమనింది. పొద్దున ఇండ్లలో దేవునికి దండం పెట్టుకొని వచ్చిన మనుషులే అందరూ. మొగాల్లో కోపం కాదు, పండగ కనపడుతోంది. కాశప్పకు ఇంకా అరవాలనిపిస్తోంది. అరిచేకొద్దీ వాళ్ళు రేగుతున్నారు, వాళ్ళు రేగేకొద్దీ తనకు అరుపొస్తోంది. హారన్ ముందర పెట్టిన మైకు మాదిరి కీమంటున్నాడు. ఇంకొంచెం ఎక్కితే ఈడనే చంపేస్తారు. పాప రెక్క ఊడొస్తుంది.

దించల్ల.

ఉన్నపళంగా నేలమీద కూలబడినాడు. పాపను ఒళ్ళోకి అదుముకున్నాడు. ఊపిరి బిగబట్టి, వణికే గొంతును కిందికి, ఇంకా కిందికి, చావు చెప్పే చోటికి దించినాడు.

"అమ్మా, అయ్యా. నా పేరు కాశప్ప. మాది ఆదోని. ఈ బిడ్డ నా కూతురు ఈశ్వరి కూతురు. అమ్మానాయనా మిరపకాయలు కోయను పోయినారు. అందుకే ఏడుస్తాంది."

"ఏమంటాండాడు?"

"ఉండప్పా, గమ్మునుండు. ఇనపడల్య."

ముందు వరస వాళ్ళు వెనకోళ్ళను కసిరినారు. వెనకోళ్ళు మెడలు చాచినారు. కాశప్ప గొంతు పెంచలేదు. అవే మాటలు మళ్ళీ చెప్పినాడు, అంతే చిన్నగా. చొక్కా పట్టిన చేతి పట్టు సడలింది.

బొరుగుల గంప పెట్టుకొని కూర్చున్న ముసలామె ఉచ్చీరమ్మ అప్పుడు లేచింది. "ఒరే, ఈయన మైకు కాశప్ప కదరా! మేము ఆదోనిలో ఉండంగ మా ఆయన సచ్చినప్పుడు వీధంతా సెప్పింది ఈ గొంతే. నేను మర్సిపోతానా? ఇడవండ్రా సేతులు, మీ సేతులిరగా!"

గుంపు ఒక్కసారిగా తిరగేసిన దోసె మాదిరి అయింది. "అట్లనా అన్నా! ముందే సెప్పొద్దా అన్నా!" చెంప మీద కొట్టినోడే వీపు నిమిరినాడు. ఒకడు నీళ్ళ బాటిలిచ్చినాడు. ఒక్కడూ తల దించుకోలేదు. ఫోను పట్టుకున్నోడైతే పక్కన చేరి మెడ మీద చెయ్యేసినాడు.

"అన్నా, ఒక్కసారి ఆ 'తల్లులారా' సెప్పన్నా. స్టేటస్ పెట్టుకుంటా."

కాశప్ప వాని మొగం చూసినాడు. "అదంతా నేను అల్లింది నాయనా. ఎవురూ తిరగడంలేదు. చాక్లెట్టూ లేదు, తువ్వాలా లేదు. ఒట్టి అబద్ధం."

పడుచోడు ఫోను దించేసినాడు. "అట్ల సెప్తే ఎవురు సూస్తారన్నా? భయంగా సెప్పు."

బెంచీ మీది ఆమె మూతి తిప్పింది. "నువ్వు అల్లింటే అల్లింటావులే గానీ, తిరిగేది మాత్రం నిజమప్పా. మా ఆడబిడ్డోళ్ళ ఊర్లో దొరికినారంట కూడా."

కాశప్పకు వాళ్ళ కాళ్ళ ముందర తుపుక్కున ఊంచాలనిపించింది. నోట్లో తడి లేదు. ఆదోని బస్సు వస్తే, పిడికిట్లో నలిగిన చాక్లెట్ పాప నోట్లో పెట్టి, ఎత్తుకొని ఎక్కినాడు.

కోటేకల్లు దాటక ముందే హేమ ఆయన ఒళ్ళో కక్కుకుంది. చాక్లెట్, పొద్దున తిన్న ఉగ్గాని, అన్నీ. తువ్వాలతోనే తుడిచినాడు. పుల్లటి కంపు. ముందు సీటాయన ముక్కు మూసుకున్నాడు. అప్పుడే శేషన్న ఫోను.

"ఏమప్పా కాశప్పా, నీ గొంతు ఎమ్మిగనూరుదాకా పాకిందంట! ఇంకోటి రికార్డు చేయల్ల. ఈసారి ఇంకొంచెం భయం పెట్టు."

"చేయనన్నా."

"ఏమి? ఇనపడల్య. గట్టిగా సెప్పు."

"నువ్వు నోరు మూసుకొని ఇను. ఇనపడుతుంది. చేయను."

శేషన్న నవ్వినాడు. "నువ్వు కాకుంటే ఇంకోడు. ఊర్లో గొంతులకు కరువా?" అని పెట్టేసినాడు. సగం పొట్టకూడు పోయినట్లే. అయినా కాశప్ప ఊపిరి మొదటిసారి సరిగా ఆడింది.

అది కూడా ఎంతోసేపు లేదు. వెనక సీటులో ఎవరిదో ఫోను మోగింది. 'తల్లులారా...' బస్సులో మాటలు సద్దుమణిగినాయి. పక్క వరసలో తల్లి ఒకామె తన పిల్లోని మీద కొంగు కప్పింది. దించుదామంటే ఆ వాల్యూము కాశప్ప చేతిలో లేదు.

హేమ తలెత్తి వెనక్కి చూసింది. మళ్ళీ ఆయన నోటి వంక చూసింది.

"తాతా, అది నువ్వేనా?"

పొద్దున్నుంచి ఆ పాప తాతా అనడం అదే మొదలు. కాశప్ప తల ఊపినాడు.

"అందులో ఏంటికి ఏడుస్తాండావు?"

కంపు కొట్టే తువ్వాలను మడిచి కాళ్ళ కింద పడేసి, "ఏడ్సలేదమ్మా. దొంగేడుపు," అన్నాడు చిన్నగా. ఎవరికీ వినపడలేదు, పాపకు తప్ప.