ఎండలో కనబడని మంట

నాకు భయం ఎక్కువ. ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నా, అగ్గిపుల్ల గీసేటప్పుడు ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకుంటాను. అలాంటిదాన్ని, సైన్స్ దినోత్సవానికి మంటల కార్యక్రమం పెడతానన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, నా నోటి దూలే.

ఆలోచన మాత్రం మంచిదే. ఆకాశంలోని చుక్కల్లో ఏ మూలకాలున్నాయో వాటి వెలుగులోని రంగులే చెబుతాయి. ఇక్కడ మంటలో రాగి లవణం వేస్తే ఆకుపచ్చగా మండుతుంది, వంటింటి ఉప్పు వేస్తే పసుపుగా మండుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో డప్పు దరువు. వాయించేది బేతంచెర్లలో బండల పాలిష్ పనికి పోయే ఏసుప్రసాద్. అతని కూతురు సుజన మా తొమ్మిదో తరగతి. ఏ రంగుకు ఏ దరువో తండ్రీకూతుళ్లే కూర్చుని తేల్చారు.

మధ్యాహ్నం రెండయింది. పిల్లలంతా వరండాలో కూర్చున్నారు. ఎండలో, నాపరాళ్లు పరిచిన ఆవరణలో నా బల్ల. గిన్నెల్లో మిథనాల్, అదే ఇట్టే అంటుకునే స్పిరిట్, పోసి, క్యాను గోడవారన పెట్టాను.

"తోలు కాంచుకోవాల మేడం. సడలితే మోగదు," అన్నాడు ఏసుప్రసాద్.

"కాంచుకోప్పా, తొందరగా," అన్నాను తల ఎత్తకుండా.

వాయించే ముందు గడ్డిమంట వేసి డప్పు బిగించుకుంటారని మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. క్యానుకు మూత పెట్టలేదన్నది మాత్రం నాకు గుర్తు లేదు.

అతను గోడ దగ్గర గడ్డి అంటించి, మంట మీద డప్పు తిప్పుతూ వెనక్కి అడుగేశాడు. మడమ తగిలి క్యాను పడింది. ఆ చప్పుడుకు నేను తల ఎత్తేసరికి ఏసుప్రసాద్ ఎగురుతున్నాడు. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. ఆ గుప్పెడు గడ్డి తప్ప ఎక్కడా మంట లేదు. పిల్లలు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మిథనాల్ మంట ఎండలో కనబడదు.

సుజన చప్పట్లు కొడుతూ తండ్రి వైపు పరుగు తీసింది, ఉత్త కాళ్లతో. ఆగమని అరిచాను, ఈలల్లో వినబడలేదు. ఇద్దరి మధ్యా మంట ఎంతదూరం పారిందో నాకూ తెలియదు. చేతికందిన ఉప్పు డబ్బా అటు విసిరికొట్టాను.

ఉప్పు పడినచోటల్లా పసుపు మంట లేచింది. సుజన పాదాలకు జానెడు దూరంలో లేచింది. ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది.

తడి గోనెసంచులతో ఆర్పాం. ఏసుప్రసాద్ కాళ్లు బకెట్ నీళ్లలో పెట్టించాం. పిక్కల దాకా బొబ్బలు. హెడ్మాస్టర్ నారాయణ సార్ వచ్చీ రాగానే అతని మీద పడ్డాడు.

"ఈడ మంట పెట్టమని ఎవరు చెప్పినారప్పా నీకు?"

"తప్పయింది సార్," అన్నాడు ఏసుప్రసాద్. నా వైపు చూడనైనా లేదు.

ఇప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది, ఉద్యోగ భయం. సార్ ఆ మాట నమ్మేశాడు. నేను నోరు మూసుకుంటే చాలు.

సుజన బకెట్ పక్కన కూర్చుని తండ్రి పిక్కల మీద నీళ్లు పోస్తోంది. "నాయన ఆడతాండాడు అనుకున్యా మేడం. నేనూ చప్పట్లు కొడితి."

"నేనే పెట్టమన్నాను సార్," అన్నాను. "క్యానుకు మూత పెట్టనిదీ నేనే."

సార్ మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.