ముగ్గురిలో ఒకరు

బట్టల మిల్లు మూతపడ్డ రోజున అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకేలాంటి కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఇద్దరి రాతా ఒకటే అనుకుంది హెయిని ఆ రోజు. కాలేదు.

మిల్లులో ఆమె ఇరవై రెండేళ్లు గుడ్డల మీద అచ్చువేసే బొమ్మలు గీసింది. చెల్లెలు సైలా గీసింది తొమ్మిదేళ్లే, అదీ అక్క పక్క బల్ల దగ్గర కూర్చుని. పక్షి రెక్కలో మొదటి ఈక ఎక్కడ మొదలుపెట్టాలో సైలా చెయ్యి పట్టుకుని చూపించింది హెయినే. ఇప్పుడు ఇంటర్నెట్టులో పనులు ఇప్పించే సైట్‌లో సైలా పేరు కింద నూట నలభై మంది మెచ్చుకోళ్లున్నాయి. హెయిని పేరు కింద రెండున్నాయి. అందులో ఒకదానికి మూడు స్టార్లే.

"పని బాగుంది, జవాబు మాత్రం ఆలస్యం" అని రాశాడు ఆ మూడు స్టార్ల మహానుభావుడు. ఆలస్యమంటే ఒక పూట. ఆ పూట ఆమె పుట్టగొడుగులు ఏరడానికి అడవికి వెళ్లింది. సెప్టెంబరు నెలలో అడవికి వెళ్లని మనిషి కోర్పివార ఊళ్లో ఎవరుంటారు? సైలా కూడా వెళ్లింది. కాకపోతే సైలా ఒక చేత్తో పుట్టగొడుగు కోస్తూ రెండో చేత్తో ఫోనులో జవాబు రాసింది. అందుకే గంటలోపు బదులిచ్చేవాళ్లకి సైట్ ఇచ్చే పచ్చ గుర్తు ఆమె ఫొటో పక్కన మెరుస్తూ ఉంటుంది.

హెయిని పొద్దున్నే కాఫీ కలుపుకుని తన పేజీ చూసుకోదు. సైలా పేజీ తెరుస్తుంది. కొత్త మెచ్చుకోలు లేకపోతే కాఫీ రుచిగా ఉంటుంది. ఉంటే కప్పు అలాగే చల్లారిపోతుంది. ఇది మంచి బుద్ధి కాదని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరుతుందా?

సైట్‌ని తిట్టడానికీ లేదు. అది లేకపోతే సరస్సు ఒడ్డున ఈ ఊళ్లో కూర్చుని ఐర్లండు జాము సీసాలకి, పోర్చుగల్ తువ్వాళ్లకి బొమ్మలు గీసే యోగం ఎవరికి పడుతుంది? రైలెక్కక్కర్లేదు, అధికారి ముఖం చూడక్కర్లేదు. కానీ ప్రతి పనికీ నలభై మంది ఎగబడతారు. అందులో ఒకడు కాఫీ ధరకే చేస్తానంటాడు. ముఖం తెలియనివాళ్ల ముందు రోజూ సంతలో దూడలా నిలబడాలి. ఎందుకు వద్దన్నారో ఎవరూ చెప్పరు.

అక్టోబరు చివరి వారంలో కువోపియో పట్నంలోని ఉపాధి కార్యాలయం నుంచి హెయినికి ఉత్తరం వచ్చింది. వచ్చే నెలాఖరులోగా స్థిరమైన పని చూపించకపోతే, ఆసుపత్రులు శుభ్రం చేసే పనిలో శిక్షణకి చేరాలి. అదేం తప్పు పని కాదు. కానీ ఆ పనికి వెళ్తే ఇక బొమ్మలు గీయడం సైలా ఒక్కతిదే అవుతుంది. ఆ ఆలోచన వస్తే చాలు, హెయినికి అన్నం సయించేది కాదు.

అలాంటి సమయంలో, శనివారం మధ్యాహ్నం, డెన్మార్కులో ఇంటి గోడలకి అతికించే గోడకాగితాలు చేసే ఒకావిడ నుంచి సందేశం వచ్చింది. ఉత్తర దేశాల పక్షుల బొమ్మలు పన్నెండు కావాలి. నెలకొకటి, ఏడాది పొడుగునా పని. "ముగ్గురిని ఎంచుకున్నాం. సాయంత్రం ఒక్కొక్కరితో మాట్లాడతాను. దొరికిన వాళ్లతోనే" అని రాసింది. హెయిని దాన్ని ఆరుసార్లు చదివి, ఫోను కోటు జేబులో వేసుకుని, అయిలి అత్త ఇంటికి బయల్దేరింది. శనివారం నాలుగింటికి ముగ్గురూ కలిసి సౌనాలో, అంటే ఆవిరి స్నానపు గదిలో, కూర్చోవడం వాళ్ల నాన్న ఉన్నప్పటి నుంచి ఉన్న అలవాటు.

బట్టలు మార్చుకునే గదిలో సైలా అప్పటికే తువ్వాలు చుట్టుకుని, తన గంపలో మడిచిన స్వెటర్ మీద ఫోనుని పసిపాపలా పడుకోబెడుతోంది.

"దానికీ ఆవిరి పట్టిస్తావేమిటే?" అంది అయిలి అత్త. ఆమెకి డెబ్బై ఎనిమిదేళ్లు, నోటికి మాత్రం పద్దెనిమిది.

"పిలుపు రావాలత్తా. డెన్మార్కు నుంచి. గోడకాగితాల వాళ్లు."

హెయిని చేతిలో చెంబు ఆగిపోయింది.

"ముగ్గురిని ఎంచారట" అంది సైలా. "ఒకదాన్ని నేను. తక్కినవాళ్లెవరో ఏమో. అక్కా, నువ్వు దీనికి దరఖాస్తు పెట్టలేదా? నీ కొంగలకి సరిపోయే పని."

"చూడలేదు" అంది హెయిని.

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! ముగ్గురూ లోపలికి వెళ్లి చెక్కమెట్ల మీద వరసగా కూర్చున్నారు. అత్త రాళ్ల మీద నీళ్లు పోసింది. ఆవిరి వెచ్చగా వీపు మీదికి పాకింది. సైలా కళ్లు మూసుకుని, వచ్చిన పనుల కబుర్లు చెబుతోంది. ఒకాయన అర్ధరాత్రి లేపి నక్క తోక రంగు మార్చమన్నాడట, ఇంకొకావిడ తొమ్మిదిసార్లు దిద్దించి పదోసారి మొదటిదే బాగుందందట. వింటున్నవాళ్లకి అవి కష్టాలు. హెయినికి మాత్రం ప్రతి కష్టమూ ఒక నగలా తోచింది. నక్క తోక మార్చమని తననెవరు లేపుతారు?

"నీళ్లయిపోయాయి. ఎవరైనా తెండి" అంది అత్త.

"నేను తెస్తా" అని హెయిని లేచింది.

బయటి గదిలోకి అడుగుపెట్టేసరికి సైలా ఫోను వెలిగింది. దాని మీద అక్షరాలు కనిపిస్తున్నాయి. "ఉన్నారా? ఇప్పుడు మాట్లాడదామా?"

చేతికందే దూరంలో తలుపుంది. "సైలా, నీకే" అంటే చాలు. హెయిని ఫోను తీసుకుని, దాని శబ్దం నొక్కేసి, గంపలో స్వెటర్ అడుక్కి తోసేసింది. తోసిన చెయ్యి వణకలేదు. తర్వాత ఆమెని భయపెట్టింది అదే.

నీళ్లు పట్టుకుంటుండగా తన కోటు జేబులోనూ ఫోను మోగింది. తువ్వాలు మీద కోటు వేసుకుని వాకిట్లోకి పరుగెత్తింది. చలిలో ఒంటి నుంచి ఆవిరి లేస్తుండగా, వచ్చీరాని ఇంగ్లీషులో, కొంగల గురించీ గుడ్లగూబల గురించీ పావుగంట మాట్లాడింది. ఇంత బాగా మాట్లాడగలనని ఆమెకే తెలియదు.

"మీరే అనుకుంటున్నాను" అంది ఆ డెన్మార్కు ఆవిడ. "ఇంకొకరు పలకలేదు. గంటలో ఒప్పందం పంపిస్తాను, ఒప్పుకుంటున్నట్టు నొక్కండి."

చెంబుతో లోపలికి వెళ్లేసరికి అత్త నవ్వింది. "నీళ్ల కోసం సరస్సు అవతలి ఒడ్డుకి వెళ్లావుటే?"

హెయిని చెంబు అత్త చేతికిచ్చింది. ఆవిరి కన్నా లోపలి వేడే ఎక్కువగా ఉంది. గెలిచాను, గెలిచాను అని గుండె కొట్టుకుంటోంది.

సౌనా ముగిసి సైలా బట్టలు వేసుకోబోతూ గంపలో వెతికింది. స్వెటర్ తీసింది. ఫోను అడుగున దొరికింది. చదివి, మళ్లీ గంపలోకి చూసింది.

"దీన్ని పైన పెట్టాను నేను."

"జారి ఉంటుందిలే" అంది అత్త.

"జారితే స్వెటర్ కిందికి వెళ్తుందా? శబ్దం కూడా పోతుందా?" సైలా అక్క వైపు తిరిగింది. కోటు బొత్తాలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుని ఉంది హెయిని. "అక్కా. ఆ ముగ్గురిలో నువ్వున్నావా?"

"ఉన్నాను."

"మరి ముందే చెప్పొచ్చుగా? చెప్తే నేను తప్పుకునేదాన్ని."

"అందుకే చెప్పలేదు" అంది హెయిని.

సైలా ఫోను ఆమె ముఖం ముందు పెట్టింది. "నా పచ్చ గుర్తు పోయింది చూడు. అది మళ్లీ వచ్చేదాకా, నెల రోజులు నాకు ఎవరి పిలుపులూ రావు. తెలుసా నీకు?" తడి జుట్టుతోనే టోపీ పెట్టుకుని సైకిలెక్కి వెళ్లిపోయింది.

"ఏం చేశావే?" అంది అత్త మెల్లగా. హెయిని చెప్పింది. అత్త తిట్టలేదు. "పరుగు పందెంలో దాని కాళ్లు కట్టేసి, ముందు నేనొచ్చానంటావు" అంది అంతే, పొయ్యిలో బూడిద తీయడానికి లోపలికి వెళ్లింది.

హెయిని వాకిటి మెట్ల మీద కూర్చుంది. ఒప్పందం వచ్చింది. పన్నెండు పక్షులు, ఏడాది పని, శిక్షణ తప్పుతుంది. నొక్కితే చాలు. కానీ ఆమెకి కావలసింది పని ఒక్కటే కాదని అప్పుడర్థమైంది. సైలా కన్నా బాగా గీస్తావు అని ఎవరైనా అనాలి. ఆ మాట ఇందులో ఎక్కడా లేదు. "ఇంకొకరు పలకలేదు" అని మాత్రమే అందావిడ.

ఆమె నొక్కలేదు. జరిగింది జరిగినట్టు రాసింది. "పలకనిది మా చెల్లెలు. ఫోను దాచింది నేను. దయచేసి తనతో మాట్లాడండి" అని పంపింది.

జవాబు ఆదివారం పొద్దున వచ్చింది. "మీ కుటుంబ విషయాల్లోకి మేము రాలేం. పని మూడో ఆమెకి ఇచ్చేశాం."

హెయిని ఆ ఫోను పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచి సైలా ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన సైలా దారి వదల్లేదు.

"ఏం కావాలి?"

"పని నాకు రాలేదు. నీకూ రాలేదు. అంతా రాసేశాను వాళ్లకి."

సైలా ఫోను లాక్కుని చదివింది. "మరెవరికొచ్చింది?"

"లిథువేనియాలో ఇండ్రే అట ఎవరో. సైట్‌లో వేశారు. నీ ధరలో సగానికి."

"సగానికా!" సైలా గొంతు కీచుమంది. "ఎన్ని మెచ్చుకోళ్లు దానికి?"

"పదకొండు."

"పదకొండా!"

ఇద్దరూ గడప మీదే, భుజాలు తగలకుండా జాగ్రత్తగా నిలబడి, ఆ అమ్మాయి పేజీ చూశారు. ఒక చెయ్యీ, ఒక పిల్లీ తప్ప ముఖం లేని ఫొటో.

"చూడు ఈ కొంగని. కోడి కాళ్లు అతికించింది" అంది సైలా.

"మెడ కూడా. గొట్టంలా ఉంది" అంది హెయిని.

"ఈ బాతుకి దాహమేస్తోందా, తల తిరుగుతోందా?"

తర్వాతి బొమ్మ గుడ్లగూబ. మంచు పడుతున్న కొమ్మ మీద, ఒక కన్ను మూసి, మరో కంటితో చూస్తోంది. ఇద్దరూ ఎక్కడ తప్పు పట్టాలో వెతికారు. దొరకలేదు.

"నీకన్నా బాగా గీసింది" అంది హెయిని చివరికి.

"నీకన్నా కూడా" అంది సైలా.

ఒకే మనిషి మీద ఒకేసారి ఇద్దరికీ ఒళ్లు మండింది. హెయినికి ఎందుకో చాలా నెలల తర్వాత ఊపిరి తేలికగా ఆడింది. లోపలికి రమ్మంటుందేమోనని ఒక్క క్షణం చూసింది.

సైలా ఫోను తిరిగి చేతికిచ్చింది. "ఇంక వెళ్లు. నాకింకా కోపం తగ్గలేదు" అని తలుపు వేసుకుంది.