పుక్కిలించే పడవ

నా తమ్ముడు బాలు పనిముట్ల పెట్టె తెచ్చుకుందామని దుర్గం చెరువు దగ్గరి బోటు క్లబ్బుకు వెళ్ళాను. అతను పోయి అప్పటికి ఏడు వారాలు. 1999 నవంబరులో ఒక ఆదివారం పొద్దున.

మేనేజరు దినేష్ పెట్టె బల్ల మీద పెట్టి, ముట్టినట్టు సంతకం కోసం ఒక ఫైలు నా వైపు జరిపాడు. సంతకం చోటు వెతుకుతుంటే పై కాగితం మీద రాత కంటపడింది. ‘మునుపటి మెకానిక్ చేసిన నాసిరకం పని వల్ల పొగగొట్టం రెండుసార్లు కాలిపోయినది. బోటు నడుపుటకు పనికిరాదు.’

మునుపటి మెకానిక్ అంటే బాలు. గోదావరి మీద లాంచీల ఇంజన్లు బాగుచేస్తూ పెరిగినవాడు. కొత్తగూడలో బడిపంతులుగా ఉన్న నా దగ్గరికి వచ్చి, ఏడాదిన్నరగా ఈ పడవను చూసుకున్నాడు. సెప్టెంబరులో మెదడు జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

“ఈ కాగితం ఎవరికండీ?” అని అడిగాను.

“ఓనరుకు సార్. రేపొస్తాడు. మీ కంట్లో పడకూడదనుకున్యా.” దినేష్‌ది కడప జిల్లా. మర్యాద తెలిసిన మనిషి. “ఏం చేసేది చెప్పండి? పోయిన వారం బోటు నిండా పొగ. లోపల హైటెక్ సిటీ కంప్యూటరు పిల్లోళ్ళు ఎనిమిది మంది. ఒకమ్మాయి కండ్లు తిరిగి పడిపోయింది. గాలి తగిలినాక తేరుకున్యాది, దేవుడి దయ. మొదటి గొట్టం మీ తమ్ముడేసిందే. అది కాలింది. అదే మాదిరి రెండోది వేస్తే అదీ కాలింది. తప్పు ఆయన చేసిన పద్ధతిలోనే ఉందని రాసినా.”

“ఎందుకు కాలిందో తెలిసిందా?”

“రాజయ్య చూస్తాండాడు.”

“నేనూ చూస్తాను. అంతవరకు ఆ కాగితం ఆపండి. బాలు జవాబు చెప్పుకోలేడు కదా.”

దినేష్ ఫైలు మూశాడు. “సాయంత్రం దాకా సార్. అంతకు మించి నా చేతుల్లో లేదు.”

రాజయ్య మియాపూర్ బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. బాలు జ్వరంతో పడుకున్నప్పటి నుంచి పడవ పని ఆయనదే. నేను పెట్టెతో వెళ్ళేసరికి పడవ నేలపలకలు లేపి, ఇంజను పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

“రాండ్రి సారూ. జర పైలం, నూనె ఉంది.”

వెనక నుంచి విప్పిన రబ్బరు గొట్టం నా చేతికిచ్చాడు. పైకి బాగానే ఉంది. లోపల మాడిన అప్పడంలా పొక్కులు లేచి, ఒకచోట చిల్లు పడింది. ఆ చిల్లులోంచే పొగ మనుషులు కూర్చునే చోటికి వచ్చింది.

“మాల్ మంచిదే సారూ. నేనేసిన గీ రెండోది గూడ మీ తమ్ముడు తెచ్చిన రకమే, నాసిరకం గాదు.”

“మరి ఎందుకు కాలినట్టు?”

“గదే సమజైతలేదు. ఇంజను సల్లగుంటది, మీటరు మంచిగ సూపెడ్తది. గొట్టమొక్కటే కాల్తది. ముప్పై ఏండ్ల సర్వీసుల గిసోంటి బస్సును సూడలే.”

“ఇది బస్సు కాదు కదండీ.”

“నా చేతికొస్తె అన్నీ బస్సులే సారూ. దీనికి కండక్టరొక్కడే తక్కువ.”

నవ్వాను. నవ్వినందుకు కొంచెం సిగ్గనిపించింది. అప్పుడే మొదటిసారి బాలు నన్ను ఈ పడవ ఎక్కించిన రోజు గుర్తుకొచ్చింది. నన్ను వెనక అంచున కూర్చోబెట్టి, పొగగొట్టం మూతి కింద చెయ్యి పెట్టమన్నాడు. నేను వెనక్కి తగ్గితే, “కాలదన్నయ్యా, పెట్టు,” అని తనే నా చెయ్యి పట్టుకుని పెట్టాడు. గుడగుడమంటూ పొగతోపాటు నీళ్ళు పడ్డాయి. “చూశావా, పొద్దున్నే నాన్న పుక్కిలించినట్టు లేదూ?” అన్నాడు.

ఆ మాటే రాజయ్యకు చెప్పాను. “ఈ గొట్టంలోంచి నీళ్ళు పడేవి కదా. గోరువెచ్చగా ఉండేవి. ఇప్పుడు పడుతున్నాయా?”

గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు. వంగి, ఇంజనుకు గొట్టం తగిలే ఇనుప వంపు కింద వేలితో తడిమాడు. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంచాడు.

“ఈడ ఒక బోల్టు ఉంది సారూ,” అన్నాడు చివరికి. “నేనే బిగించిన.”

నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు.

“బస్సు సైలెన్సర్ల కెళ్ళి నీళ్ళొచ్చినయంటే ఇంజను ఖరాబైనట్టే. బాలు దవాఖానల పడ్డంక బండి నా చేతికొచ్చింది. స్టార్ట్ జేస్తె పొగల నీళ్ళు. పరేషాన్ అయిన. ఏడికెళ్ళి వస్తున్నయా అని ఎతికితే ఇగో, ఈ సన్న పైపు. దీన్ని ఇప్పి సీదా చెరువులకు మలిపిన. రంధ్రానికి బోల్టు కొట్టిన. మంచి పని జేసిన అనుకున్న సారూ. చెరువు నీళ్ళు ఇంజనును సల్లజేసి, ఆనంక పొగను గూడ సల్లజెయ్యాలె. ఆ దారి నేను బంద్ వెట్టిన. ఉడుకు పొగ రబ్బరుకు తాకి కాల్చింది.”

ఆ బోల్టు నా ఎదురుగా ఉన్నా నేను గుర్తుపట్టగలిగేవాణ్ణి కాదు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చెప్పకుండా విప్పి జేబులో వేసుకుంటే అడిగేవాళ్ళు లేరు.

“బాలును ఒక్క మాట అడగలేకపోయారా?” అన్నాను. నా గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

“అడుగుదామనే బత్తాయిలు వట్టుకొని దవాఖానకు వొచ్చిన సారూ. మీరు బయట బెంచీ మీద కూసున్నరు. లోపలికి వోయి సూస్తె పిలగానికి సోయి లేదు.”

ఆ బత్తాయిలు నాకు గుర్తున్నాయి. ఎవరు తెచ్చారో అప్పుడు పట్టించుకోలేదు.

రాజయ్య కాలిన గొట్టం పట్టుకుని నేరుగా దినేష్ గదికి నడిచాడు. “ఆ కాయితం తియ్యి సారూ. గొట్టం కాల్చింది నేను. ఆ ఆడపిల్ల కండ్లు తిరిగింది నా వల్లనే. పోయిన పిలగాని మీదికెళ్ళి ఆ మాట తీసి నా మీద రాయి.”

దినేష్ తెల్లబోయాడు. “అట్ల రాస్తే ఓనరు నిన్ను ఉంచుకుంటాడా రాజయ్యా?”

“ఉంచుకోకుంటే మనవరాండ్లతోని ఆడుకుంట. ముందుగాల రాయి.”

“ముందు నడిపి చూపించు. నిజమైతే రాస్తా.”

కొత్త గొట్టం కోసం ఊళ్ళోకి పోవలసి వస్తుందనుకున్నాం. బాలు పెట్టె తెరిస్తే అడుగున కొలతకు కోసిన గొట్టం ముక్క, నాలుగు బిగింపు పట్టీలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. రాజయ్య వాటిని రెండు చేతులతో బయటికి తీశాడు. బోల్టు విప్పాడు. సన్న పైపు మళ్ళీ పాత చోట తగిలించాడు. గొట్టం రెండు కొసలా రెండేసి పట్టీలు బిగించాడు. ఇంజను స్టార్ట్ చేసి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి, బుడగలు వస్తున్నాయేమోనని చూశాడు. రాలేదు.

“ఎనకకు వోయి సూడుండ్రి సారూ,” అన్నాడు.

వెనక అంచున కూర్చుని, గొట్టం మూతి కింద చెయ్యి పెట్టాను. మొదట ఉత్త పొగే. తరవాత ఒకసారి గుడగుడమంది. దోసిట్లో నీళ్ళు పడ్డాయి. గోరువెచ్చగా ఉన్నాయి. రాజయ్య నా వైపు చూడకుండా చెరువు అవతలి బండలు చూస్తూ నిలబడ్డాడు. అందుకు కూడా నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

అరగంట నడిపాక దినేష్ గొట్టం మీద అరచెయ్యి ఆనించి చూశాడు. పాత కాగితం చింపేసి, కొత్తది నా ముందు పెట్టాడు. “మీరు తెలుగు మాస్టారు గదా సార్. ఎట్ల రాయాల్నో మీరే చెప్పండి.”

రెండు వాక్యాలకు చాలాసేపు పట్టింది. ‘బాలు అమర్చిన పద్ధతి సరైనది. తరవాత పొరపాటున మూసుకుపోయిన నీటి దారిని రాజయ్య కనుక్కుని బాగుచేశాడు.’

చదివి వినిపించాను. రాజయ్య తల అడ్డంగా ఊపాడు. “మూసుకపోయిన గాదు సారూ. నేను మూసిన.”

దిద్దాను. ‘రాజయ్య పొరపాటున మూసిన నీటి దారిని రాజయ్యే కనుక్కుని, ఎవరూ అడగకముందే ఒప్పుకుని, బాగుచేశాడు.’ కింద ఆయన సంతకం పెట్టాడు.

మర్నాడు ఓనరు ఆ కాగితం చదివి రాజయ్యను బాగా తిట్టాడనీ, పనిలోంచి మాత్రం తీయలేదనీ దినేష్ బడికి ఫోన్ చేసి చెప్పాడు.

ఆ ఆదివారం నేను బయలుదేరుతుంటే రాజయ్య పెట్టె తుడిచి నా చేతికివ్వబోయాడు. తీసుకోలేదు.

“మీ దగ్గరే ఉంచండి,” అన్నాను. “బస్సు పనిముట్లు దీనికి సరిపోవు.”

“గిప్పుడు సమజైంది సారూ,” అని, పెట్టెను పడవలో బాలు కూర్చునే పలక కింద పెట్టాడు.