తోలుకు ఆముదం

నాచారంలో బిక్షపతి ఇంటి ముందు నీళ్ళు నిలవవు. ఇది బిక్షపతి మాట. ఆ మాట మీద ఆయన కొడుకు నాగేందర్‌కు ఎంత గురి అంటే, తనకు కొలువిచ్చిన సారు కారును తీసుకొచ్చి ఆ ఇంటి ముందే నిలబెట్టాడు. కారు సీట్లదాకా మునిగింది.

గురి ఊరికే కుదరలేదు లెండి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లూ, హాస్టళ్ళూ, బిర్యానీ పాయింట్లూ లేచిన ఆ గల్లీ అంతా ఒకప్పుడు వాళ్ళ చెలక. చెలకంటే మెట్టనేల, ఎంత కురిసినా చుక్క నిలవనిది. బిక్షపతి దాన్ని దున్నిన మనిషి. ప్లాట్లుగా పోయినదంతా పోగా మిగిలిన ముక్కలో ఇల్లు కట్టుకున్న మనిషి. "చెరువు తెగినా గీడికి నీళ్ళు రావు రా" అని ఆయన అంటుంటే వింటూనే నాగేందర్ పెద్దవాడయ్యాడు. నిజమే, నేల అదే. కానీ చుట్టూ ఉన్నది అది కాదు. రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు వేసుకుంటూ పోతే, ఇంటి గడప కిందికి పోయి రోడ్డు పైకొచ్చింది. వాననీళ్ళు పారే కాల్వ మీద ఎవడో షటర్లు కట్టి కిరాయికిచ్చుకున్నాడు. ఇదంతా కళ్ళెదుట జరిగిందే. కళ్ళెదుట ఉన్నదాన్ని ఎవరు చూస్తారు చెప్పండి, పెద్దాయన మాట చెవిలో మోగుతుండగా!

కారు జనార్ధనరావు గారిది. హబ్సిగూడలో ఉంటారు, సైంటిస్టుగా చేసి రిటైరయ్యారు. నాగేందర్ ఏళ్ళ తరబడి ఆయన దగ్గర డ్రైవరు. సారు భార్య తారామణి గారికి మోకాళ్ళ నొప్పులు. బట్ట సీటయితే చీర దానికి పట్టేసి ఆవిడ ఇటునుంచి అటు జరగలేరు. అందుకని ఆవిడ కోసమే సారు మీగడ రంగు తోలు సీట్లు వేయించారు. వెనక ఎడమవైపు ఆవిడ చోటు. నాగేందర్ తలుపు తీసి చెయ్యి అందిస్తే, తోలు మీద మెల్లగా జారి దిగుతారు. "ఈ సీటూ నీ చెయ్యీ లేకపోతే నేను గుమ్మం దాటను నాగేందర్" అన్నారొకసారి. ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట భార్య కల్పనకు చెప్పాడు. అన్నం తింటూ మళ్ళీ చెప్పాడు. చదువు అబ్బని మనిషికి ఆ కొలువే ఒక గౌరవం.

సారు వాళ్ళు పెళ్ళికని రాజమండ్రి వెళ్ళారు. ఇక్కడ భారీ వర్షాలని టీవీలో ఒకటే గోల. అపార్ట్‌మెంట్ వాళ్ళు సెల్లార్లో కార్లుంటే తీసేయమన్నారు. సారు ఫోన్ చేసి ఎక్కడైనా ఎత్తు మీద పెట్టమన్నారు.

"మా ఇంటికాడ పెడ్త సార్. అది మా నాయిన చెలక. ఆడ ఎన్నడు నీళ్ళు నిలవయ్."

"సరే, నువ్వు చూసుకుంటానంటే నాకు బెంగేముంది!" అన్నారు సారు. ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషికి ఇలా జరగాలా, మీరే చెప్పండి.

వాన మధ్యాహ్నం పట్టుకుంది. సాయంత్రం కాకముందే రోడ్డు మీది నీళ్ళు గేటు కిందనుంచి లోపలికి దూకడం మొదలెట్టాయి. నాగేందర్ ఉరికొచ్చాడు. పక్కింటి వాళ్ళను కేకేసి వాకిట్లోని కారును వెనక్కి, రోడ్డు మీదికి తోయించి చూశాడు. రోడ్డు పైన, ఇల్లు కింద, కారు ఎక్కితే కదా! నీళ్ళలో ఇంజన్ స్టార్ట్ చేయకూడదని తెలుసు. తోసినవాళ్ళు తోసి, తమ ఇళ్ళలోకీ నీళ్ళొస్తున్నాయని కేకలు వినబడి వెళ్ళిపోయారు. నాగేందర్ బానెట్ మీద చేతులు పెట్టి, మోకాళ్ళదాకా బురదనీళ్ళలో అలాగే నిలబడ్డాడు. నీళ్ళు తలుపు సందుల్లోంచి దూరి, కింది మ్యాట్లు ముంచి, మీగడ రంగు సీట్లెక్కాయి. అద్దంలోంచి అన్నీ కనబడుతున్నాయి. చేసేదేమీ లేదు.

"పోతయ్ తియ్ కొడుకా. చెలక ఇది, గుంజుకుంటది" అని గడపలోంచి బిక్షపతి అంటూనే ఉన్నాడు. సిమెంటు ఏం గుంజుకుంటుంది!

తెల్లారేసరికి నీళ్ళు తీసి బురద మిగిలింది. నాగేందర్ తలుపు తీస్తే కుండ పగిలినట్టు నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. సీటును వేలితో నొక్కితే బుడబుడమని ఊరుతోంది. అప్పుడే హబ్సిగూడ వాచ్‌మన్ ఫోన్ చేశాడు, ఇక్కడ సెల్లార్లో చుక్క నీరు లేదు, కారు తెచ్చి పెట్టుకోవచ్చని. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఇదే.

సారుకు ఫోన్ చేసి చెప్పాడు. "సాయంత్రం చర్లపల్లి స్టేషన్‌లో దిగుతాం. ఈలోపు తెలిసినవాళ్ళెవరినైనా అడుగు" అని పెట్టేశారు. కంపెనీ షెడ్డుకు చేస్తే, ఊళ్ళో సగం కార్లు మునిగాయి, ఇవాళ బండి పంపలేమన్నారు. ఇక మిగిలింది ఉప్పల్‌లో సీట్ల పని చేసే బాలరాజు ఒక్కడే.

"నాయినా, జర కారుకాడ కూసో. నేను ఉప్పల్ పోయొస్త" అని తండ్రికి కుర్చీ వేసి, నాగేందర్ స్కూటర్ తీశాడు. పెద్దాయన ఊరికే ఉంటే పోయేదే. కానీ ఊరికే ఉండటమే ఆయనకు ఇన్నేళ్ళుగా పెద్ద రోగం.

ఉప్పల్‌లో బాలరాజు షాపు ముందు ఫుట్‌పాత్ పొడుగునా ఊడదీసిన సీట్లు వరసగా పెట్టి ఉన్నాయి, మనుషులు తిని లేచిన భోజనాల బంతిలాగా. బాలరాజు తల కూడా తిప్పలేదు.

"అన్నా, ఇయ్యాల నాతోని కాదు. రేపు పొద్దుగాల నేనే వస్త. సీట్లు ఊడదీసి లోపలి స్పాంజి ఆరబెడితే తోలు బతుకుతది. ఫికర్ జెయ్యకు."

నాగేందర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కని ఒక్కటి యాదుంచుకో. డోర్లు తీసి నీడకు పెట్టు. నూనె గీనె ఏం రాయకు. గిప్పటి తోలు మీద రంగు పూత ఉంటది. తడి మీద నూనె పడ్డదనుకో, మరక పోదు, లోపలి తడి బయటికి రాదు, కుళ్ళుతది. ఇగ నా చేతుల ఉండదు."

"నూనె ఎవడు రాస్తడన్నా!" అని నాగేందర్ నవ్వాడు. ఆ రోజు మొత్తంలో ఆయన నవ్వింది అదొక్కసారే.

తిరిగొచ్చి గల్లీ మలుపు తిరగ్గానే వాసన తగిలింది. కాచిన ఆముదం వాసన. చంటిపిల్లలున్న ఇంట్లో వచ్చే వాసన. ఎవరింట్లో పసిబిడ్డ పుట్టిందో అనుకున్నాడు పిచ్చి మారాజు. తీరా ఇంటి ముందుకొస్తే కారు తలుపులు నాలుగూ బార్లా తెరిచి ఉన్నాయి. ఎండ నిండా లోపలికి కొడుతోంది. బిక్షపతి ధోతి పైకి చెక్కి, గిన్నెలో గోరువెచ్చటి ఆముదం పెట్టుకుని, వెనక సీటు మీద మోకాలేసి, పాత బట్టతో రుద్దుతున్నాడు. మీగడ రంగంతా చట్నీ ఒలికిన విస్తరిలాగా మరకలు.

కల్పన గడపలో చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. "ఆగు మామా, ఫోన్ జేస్త అన్న. ఇనలే. తోలు సంగతి నీకేం ఎరుక అన్నడు. నీ ఫోనేమో కలుస్తలేదు. నేనేం జెయ్యాలె!"

నాగేందర్‌కు కోపం అరికాలినుంచి నెత్తికెక్కింది. నీ చెలక పాడుగాను, నీ ఆముదం పాడుగాను, నా కొలువు ముంచినవ్ గదా అని అరవడానికి నోరు తెరిచాడు. తండ్రి తల తిప్పి చూశాడు. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం ఒలకబోసుకునే చేతులు, ఇప్పుడు వణకడం లేదు.

"ఒచ్చినవా! సూడు, ఎట్ల తాగుతున్నదో" అన్నాడు బిక్షపతి. "ఎడ్లతోని బాయిల నీళ్ళు తోడే మోట కొట్టినప్పుడు, దాని తోలు తొండం పొద్దుందాక నీళ్ళల్లనే ఉంటుండె. నీళ్ళకు తోలు చావది రా, ఎండితె చస్తది. ఎండకముందే ఆముదం పట్టియ్యాలె. మా నాయిన నేర్పిండు. నా తొండం ఎన్నడన్న పలిగిందా? ఊరంత నాతోనే రాయించుకుంటుండె."

"నాయినా..."

"ఆగు. అమ్మ కూసునే జాగ ఇదే గదా? దీనికి రెండుసార్లు పట్టించిన." బట్టను గిన్నెలో ముంచబోయి ఆగాడు. గొంతు తగ్గింది. "చెలక ముచ్చట్ల నాది తప్పయింది కొడుకా. నా మాట మీదనే కారు తెచ్చినవు. రాత్రి నిద్ర పట్టలే. గిదన్న జెయ్యనియ్యి."

తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు నాగేందర్. వాకిట్లో గోడకానుకుని కూలబడ్డాడు. కుడితిలో పడ్డ ఎలుకైనా కాసేపు కొట్టుకుంటుంది. ఈయనకు అదీ చేతకాలేదు. ఆ తోలు ఉత్త ఎద్దుతోలు, దాని మీద పూత లేదు, ఈ తోలు వేరు అని ఎట్లా చెప్పడం! చెబితే ఆ చేతులు మళ్ళీ వణకడం మొదలెడతాయి.

తండ్రి అన్నానికి లోపలికి వెళ్ళినప్పుడు పొడిబట్టతో తుడిచి చూశాడు. మరక పక్కకు పాకింది గానీ పోలేదు. బాలరాజుకు ఫోన్ చేస్తే, అంతా విని, "ఇగ నేనొచ్చి ఏం లాభం అన్నా" అన్నాడు.

పొద్దు వాలుతుండగా సారు వాళ్ళు స్టేషన్ నుంచి క్యాబ్‌లో నేరుగా నాచారమే వచ్చారు. జనార్ధనరావు గారు దిగారు. తారామణి గారు దిగలేదు. క్యాబ్‌ది బట్ట సీటు, చీర ఎక్కడో పట్టుకున్నట్టుంది, ఆవిడ సర్దుకోలేక అవస్థ పడుతున్నారు. నాగేందర్ చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. మధ్యలో ఆగింది.

నాగేందర్ నోరు తెరిచే లోపే బిక్షపతి ఎదురెళ్ళి దండం పెట్టాడు. "మీరేం ఫికర్ జెయ్యకున్రి సారూ. నా చేతుల్తోని ఆముదం పట్టించిన. అమ్మగారి సీటుకు రెండుసార్లు. ఇగ మీ మనుమల కాలందాక ఉంటది."

సారు కారులోకి వంగి చూశారు. ఒక వేలితో సీటు ముట్టుకున్నారు. జేబురుమాలు తీసి ఆ వేలు మెల్లగా, శుభ్రంగా తుడుచుకున్నారు. అప్పుడు నాగేందర్ వైపు తిరిగారు.

"ఎవరు రాయమన్నారు?"

మా నాయినకు తెల్వక చేసిండు సార్ అంటే చాలు. సారు చెడ్డవారు కాదు, అర్థం చేసుకునేవారే. కానీ పక్కనే పెద్దాయన, బడిలో లెక్క సరిగా చేసిన పిల్లాడిలాగా మొహం పెట్టుకుని కొడుకు వైపే చూస్తున్నాడు.

"నేనే సార్" అన్నాడు నాగేందర్. "నేనే రాయమన్న."

బిక్షపతి గర్వంగా తలాడించాడు.

సారు అరవలేదు. అరిచినా బాగుండేది, కాళ్ళు పట్టుకునేందుకు ఒక దారి ఉండేది. "సరేలే. ఏం చేస్తాం, వాన అలాంటిది" అన్నారు. "తాళం ఇలా ఇవ్వు. రెండోది కూడా." ఇచ్చాడు. "సెల్లార్ గేటు కార్డు?" అదీ జేబులోంచి తీసిచ్చాడు. కారు షెడ్డుకు పోవడానికి ఆ కార్డుతో పనేముంది! "రేపు బండి వచ్చి తీసుకెళ్తుంది. నువ్వు రానక్కర్లేదు. అవసరమైతే నేనే ఫోన్ చేస్తాను."

క్యాబ్ కదిలేముందు తారామణి గారు అద్దం దించారు. "నువ్వేం తిన్నట్టు లేవు నాగేందర్, వెళ్ళి తిను" అన్నారు. తల ఊపాడు, అంతే.

మర్నాడు పొద్దున్న టోయింగ్ బండి వచ్చింది. ముందు చక్రాలు గాల్లోకి ఎత్తి, కారును వెనక్కి లాక్కుపోయింది. గల్లీ మలుపు తిరిగేదాకా తండ్రీకొడుకులిద్దరూ గేటు దగ్గర నిలబడే ఉన్నారు. ఆముదం వాసన ఇంకా పోలేదు.

"నిన్న అడుగుడు మర్శిన. సారేమన్నడు రా, ఖుష్ అయిండా?"

నాగేందర్ రోడ్డు వైపే చూస్తూ, "మస్తు ఖుష్ అయిండు నాయినా" అన్నాడు.

"కాడా మరి! తోలు విలువ తెల్సిన మనిషి" అన్నాడు బిక్షపతి. "కని ఒక్కపారితోని అయిపోదు. ఎండలు ముదరకముందు ఇంకోసారి పట్టియ్యాలె. యాదికుంచుకో. కారు ఈడికే తీస్కరా."

"తెస్త నాయినా."

సీసాలో ఇంకా సగం ఆముదం ఉంది. బిక్షపతి మూత గట్టిగా బిగించి, ఎండాకాలానికి పనికొస్తుందని గూట్లో పెట్టాడు.