తలుపు తీస్తే వెలగాల్సిన లైటు

మా ఆయన ఇంట్లో మాట్లాడరు. కోపం వల్ల కాదు, అలవాటు లేక. ఇంట్లో ఆయన సంభాషణ అంతా "ఊఁ"కీ "సరే"కీ మధ్య సర్దుకుపోతుంది. మాట్లాడేది కారులో. అదీ కారు నడుస్తున్నప్పుడు కాదు. అప్పుడు ఆయన ధ్యాస రోడ్డు మీదా, నా ధ్యాస లేని బ్రేకు మీదా ఉంటాయి. ఇంటికొచ్చి, షెడ్డులో బండి ఆపి, ఇంజను కట్టేశాక, తన వైపు తలుపు కొంచెం తీసి పట్టుకుంటారు. తల మీద చిన్న లైటు వెలుగుతుంది. ఇక దిగాలి. దిగరు. అప్పుడు మొదలుపెడతారు.

ఆయన గురించి నాకు తెలిసినవన్నీ ఆ లైటు కింద తెలిసినవే. చిన్నప్పుడు చీకటంటే భయమనీ, ఆ భయం పోతుందని సొరంగాలు తవ్వే కంపెనీలో చేరారనీ, భయం అలాగే ఉంది కానీ జీతం మాత్రం వేళకు వస్తోందనీ అక్కడే చెప్పారు. పెళ్లయిన కొత్తలో నేను పెట్టిన కాఫీ గొంతు దిగేది కాదన్న సంగతి కూడా అక్కడే, చాలా ఏళ్ల తర్వాత, చేసినవాళ్లకు శిక్ష పడే కాలం దాటిపోయాక చెప్పారు.

వంటింటి కిటికీలోంచి మా అత్తయ్యకు షెడ్డు కనిపిస్తుంది. "ఇంట్లో కుర్చీలు లేవనుకుంటారు చూసినవాళ్లు" అని అక్కణ్ణుంచే అనేవారు. అని, కారులో లైటు ఆరేదాకా ఆగి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టేవారు. లైటు ఆరిందంటే మేం లోపలికి వస్తున్నామని లెక్క.

మొన్నటి వేసవిలో ఆయన్ని దూరంగా కొండల్లో ఒక సొరంగం పని మీద పంపించారు. సిగ్నలు కోసం గుట్ట ఎక్కాలట. రోజూ పొద్దుగూకే వేళ ఎక్కి ఫోన్ చేస్తారు. వచ్చేది మాత్రం ఇంట్లో మనిషే, కారులో మనిషి కాదు. మూడే ప్రశ్నలు.

"అమ్మ మందులేసుకుందా?"

"వేసుకున్నారు."

"నువ్వు తిన్నావా?"

"ఇప్పుడేనా అండీ, ఇంకా దీపాలే పెట్టలేదు."

"ఊఁ. కారు తీస్తున్నావా? తియ్యకపోతే బ్యాటరీ దిగిపోతుంది."

"తీస్తున్నాను."

"సరే."

అంతే. అంత గుట్ట ఎక్కింది దీనికా అని నాకు ఆయన మోకాళ్ల మీద జాలి వేసేది. ఫోన్ పెట్టేశాక మాత్రం జాలి నా వైపు తిరిగేది. నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. తలుపు సగం తీసి పట్టుకుని, చెప్పనా వద్దా అని ఒకసారి స్టీరింగు మీద వేళ్లు ఆడించి, ఆ తర్వాత ఏదో ఒకటి చెప్పే ఆ మనిషి కావాలి. ఫోన్లో ఆయన్ని ఎలా పిలవాలో తెలియలేదు.

ఒక సాయంత్రం వాన మొదలైతే, గొడుగు కారులో ఉండిపోయిందని వెళ్లి తలుపు తీశాను. లైటు వెలగలేదు. చీకట్లో సీటు కింద తడిమి గొడుగైతే దొరికించుకున్నాను కానీ, ఎవరో మొహం మీద తలుపు వేసినట్టయింది. ఆ రోజు మూడో ప్రశ్నకు కొత్త జవాబు చెప్పాను.

"తీస్తున్నాను. లోపలి లైటు వెలగడం లేదు."

ఇక "సరే" వస్తుందని ఎదురుచూశాను.

"తలుపు తీసినా వెలగట్లేదా?"

"తీస్తేనే కదండీ తెలిసింది."

"లైటు పక్కన స్విచ్చు ఉంటుంది చూడు. ఒక పక్కకి జరిపితే ఎప్పుడూ వెలుగుతుంది. ఇంకో పక్కకి జరిపితే అసలు వెలగదు. మధ్యలో ఉంటే తలుపు తీసినప్పుడే. అది ఎటుందో చూసి, రేపు చెప్పు."

ఆయన నోట "రేపు" అన్న మాట విని ఎంత కాలమైందో. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని తిరిగాను.

మర్నాడు ఉదయమే షెడ్డుకు వెళ్లాను. స్విచ్చు మధ్యలోనే ఉంది. అటూ ఇటూ జరిపినా ఫలితం లేదు. అప్పుడు చూశాను, ముందు పలకలో గడియారం కూడా ఖాళీగా ఉంది. పగలు నడిపేటప్పుడు నా కళ్లు రోడ్డు మీదుంటాయి కాబట్టి ఇన్నాళ్లూ గమనించలేదు. నేను డిగ్రీలో చదివిన భౌతికశాస్త్రం ఇప్పటిదాకా ఇస్త్రీపెట్టె వైరు అతకడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. రెండు వస్తువులు ఒకేసారి పోయాయంటే వాటి తప్పు కాదు, రెండింటికీ కరెంటు వచ్చే దారి ఎక్కడో తెగిందన్నమాట. స్టీరింగు కింద చిన్న మూత తీస్తే ఫ్యూజులు వరసగా ఉన్నాయి. మూత వెనకాల ఏది దేనికో బొమ్మ వేసి ఉంది. లోపలి లైటుకీ గడియారానికీ కలిపి ఉండాల్సిన ఫ్యూజు కాలిపోలేదు. అసలు అక్కడ లేదు. పన్ను ఊడిన చిగురులా ఖాళీ.

ఆ ఫ్యూజు, ఎదుటి సొరుగులో ఆయన పాత కళ్లజోడు పెట్టెలో, కాగితంలో చుట్టి భద్రంగా ఉంది. ఆ చుట్టడం చూస్తేనే తెలిసింది ఎవరి పనో. మాత్రల చీటీ కూడా అంత ముద్దుగా మడిచే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే.

నేను కారు తలుపు సరిగ్గా వెయ్యనని ఆయన అభియోగం. సగం పడిన తలుపు, రాత్రంతా లైటు, పొద్దున్నే చచ్చిన బ్యాటరీ. ఒకసారి అలా జరిగింది నిజమే. దాన్ని ఆయన మా పెళ్లి తేదీ కన్నా బాగా గుర్తుపెట్టుకున్నారు. వెళ్లే ముందు, చెబితే నొచ్చుకుంటానని, చప్పుడు లేకుండా ఫ్యూజు పీకి వెళ్లారన్నమాట. ముందు ఒళ్లు మండింది. తర్వాత ఫ్యూజు పెట్టి చూశాను. లైటు వెలిగింది. నా సీట్లో కూర్చుని, ఖాళీ సీటు మీదుగా వంగి, ఆయన వైపు తలుపు కొంచెం తీసి పట్టుకున్నాను. చెయ్యి లాగేసేదాకా అలాగే ఉన్నాను. ఎవరూ ఏమీ చెప్పలేదు.

సాయంత్రం ఫ్యూజు లేదని చెబితే ఆయన "ఫ్యూజు పెట్టు" అంటారు, నేను "పెట్టాను" అంటాను, ఆయన "సరే" అంటారు. అక్కడితో అయిపోతుంది. ఆలోచించి, ఫ్యూజు పీకి, మళ్లీ అదే మడతల్లో చుట్టి పెట్టెలో పెట్టేశాను.

కానీ సాయంత్రం ఆయన ఫ్యూజు మాట ఎత్తలేదు.

"స్విచ్చు బాగానే ఉందా? అయితే బల్బు చూడాలి. గాజుమూత స్పూనుతో మెల్లిగా లేపు. గుడ్డ చుట్టు స్పూనుకి, గీత పడుతుంది."

వీధి గేటు దాకా వెళ్లి గ్యాసు కట్టేశానా అని వెనక్కొచ్చి చూసుకునే మనిషి, తన చేత్తో చుట్టిపెట్టిన ఫ్యూజును మరిచిపోతారా? మరిచిపోరు. ఆయన ఎత్తలేదు కాబట్టి నేనూ ఎత్తలేదు.

బల్బు తీశాను. రెండు చివరలా టోపీలు పెట్టుకున్న చిన్న గాజు గొట్టం. వెలుతురుకు ఎత్తి చూస్తే లోపల తీగ తెగలేదని చెప్పాను. తెగకపోతే ఇంకోసారి చూడమన్నారు. అక్కణ్ణుంచి సొరంగంలో బల్బుల సంగతి వచ్చింది. లోపల అప్పుడప్పుడూ అన్నీ ఒకేసారి ఆరిపోతాయట.

"అప్పుడేం చేస్తారు?"

"ఏం చెయ్యం. ఎక్కడివాళ్లం అక్కడే నిలబడతాం. ఎవడో ఒకడు దగ్గుతాడు. ఆ దగ్గు వినబడితే చాలు, బానే ఉంటుంది."

"మీరు దగ్గుతారా?"

"నేనే ముందు దగ్గుతాను."

ఆ మాట ఇంట్లో మనిషిది కాదు.

తర్వాత తలుపుల వంతు. ప్రతి తలుపు పక్కనా చట్రంలో చిన్న రబ్బరు బొత్తాం ఉంటుంది. తలుపు మూస్తే అది లోపలికి నొక్కుకుని లైటు ఆరుతుంది, తీస్తే పైకొచ్చి వెలుగుతుంది. అది ఇరుక్కుందేమో చూడమన్నారు. అన్ని తలుపులూ ఒకే పూట చూడొచ్చు. మేం తలుపుకో సాయంత్రం కేటాయించాం.

"వెనకాల ఎడమ తలుపు చూశావా?"

"చూశాను. బొత్తాం బాగానే ఉంది. గీత కూడా బాగానే ఉంది, మీరు గోడకి రాసింది."

"నేను రాయలేదు. గోడే దగ్గరికొచ్చింది."

"పాపం, దానికి మీరంటే ఇష్టం కాబోలు."

ఆ పూట మందుల ప్రశ్న కూడా మరిచిపోయారు. అత్తయ్య మాత్రం మరిచిపోలేదు. "నా మందుల సంగతి ఎవరికీ అక్కర్లేదు కానీ, ఆ లైటు ఆరోగ్యం మాత్రం రోజూ అడుగుతాడు."

కుడి వెనక తలుపు నాడు, బొత్తాం గురించి చెబుతూ చెబుతూనే అన్నారు, "ఈ నెలాఖరుకి రాలేనేమో. లోపల నీళ్లు పడుతున్నాయి."

"ఊఁ" అన్నాను. ఆ రోజు ఇంట్లో మనిషిని నేనయ్యాను.

ఇక మిగిలింది డిక్కీ తలుపు ఒక్కటే. దాన్ని ఎన్ని రోజులు సాగదియ్యగలమా అని ఆలోచిస్తూ కూరగాయలకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కారు తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల లైటు ధగధగా వెలుగుతోంది. కారు ఎలక్ట్రీషియన్ చేతులు తుడుచుకుంటున్నాడు. అత్తయ్య పక్కన నిలబడి పెళ్లి జరిపించినంత సంబరంగా ఉన్నారు.

"ఒక్క లైటుకి ఇన్నాళ్లా అమ్మాయ్? ఇంకొన్నాళ్లు ఆగితే వాడు అక్కడ సొరంగమే పూర్తి చేస్తాడు. అందుకే పిలిపించాను."

"ఫ్యూజు లేదు మేడమ్" అన్నాడు అతను. "కాలిపోలేదు. ఎవరో తీసేశారు."

"ఎవరు తీస్తారు నాయనా మా ఇంట్లో?" అని అత్తయ్య నా వైపు చూశారు. నేను వంకాయల వైపు చూశాను.

సాయంత్రం ఫోన్ మోగగానే అత్తయ్యే అందుకున్నారు. "బాగైందిరా మీ లైటు. ఎవరో ఫ్యూజు పీకేశారట. ఎలక్ట్రీషియనొచ్చి కొత్తది పెట్టాడు, అర క్షణం పట్టలేదు. మీరిద్దరూ చదువుకున్నవాళ్లు..." అని, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసి, ఫోన్ నా చేతిలో పెట్టారు.

నేను ఫోన్ తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. నా సీట్లో కూర్చుని, ఖాళీ సీటు మీదుగా వంగి, ఆయన తలుపు కొంచెం తీశాను.

"అమ్మ మందులేసుకుందా?" అన్నారు.

"వేసుకున్నారు."

"నువ్వు తిన్నావా?"

"లేదు."

మూడో ప్రశ్న వస్తే ఇక అయిపోయినట్టే. ఆయన వెనకాల ఎక్కడో నీళ్లు తోడే మోటారు చప్పుడు వినబడుతోంది. వేళ్లతో దేన్నో తడుతున్నారు. స్టీరింగు లేదు కాబట్టి ఏ రాతినో అయ్యుంటుంది.

"కళ్లజోడు పెట్టె చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"మీరు స్విచ్చు సంగతి చెప్పిన మర్నాడు."

"మరి చెప్పలేదే?"

"మీరు అడగలేదుగా."

"ఇప్పుడెక్కడున్నావు?"

"కారులో."

"ఏ సీట్లో?"

"నా సీట్లోనే. మీది ఖాళీగా ఉంది."

ఆయన దగ్గారు. చిన్నగా, ఒక్కసారే. పనికొచ్చే మాట ఏదైనా అనాలని, "తలుపు వేసేస్తానండీ. లైటు వెలుగుతూనే ఉంది, బ్యాటరీ దిగిపోతుంది" అన్నాను.

"ఉండనీ."

"ముసలి బ్యాటరీ అండీ."

"దిగితే దిగనీ" అన్నారు మా ఆయన. "నువ్వు మాట్లాడు. ఇవాళ నేను వింటాను."

ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు. వంకాయలతో మొదలుపెట్టినట్టున్నాను. వంటింటి కిటికీలో అత్తయ్య రెండుసార్లు కనిపించారు, రెండుసార్లూ పాలగిన్నె ముట్టుకోకుండా వెళ్లిపోయారు. కారు దిగేటప్పుడు, ఇన్నేళ్ల అభియోగానికి న్యాయం చేద్దామని, తలుపు సగమే వేశాను.

పొద్దున్న తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. అత్తయ్య పళ్లెంలో బియ్యం ఏరుతూ షెడ్డు గుమ్మం దాకా వచ్చారు.

"ఆ ఎలక్ట్రీషియన్ని పిలవనా?"

"వద్దు అత్తయ్యా. సాయంత్రం ఆయన్ని అడుగుదాం."

ఆవిడ ఒక రాయి ఏరి పారేశారు. "అడుగు" అన్నారు. "మెల్లిగానే అడుగు. ఇప్పుడు కారెక్కి మనం ఎక్కడికి పోవాలి గనక."