పొద్దుగూకాక ఎండ

ఆ ఇంటికి పగలంటే పడదు. కిటికీలకు నల్ల పరదాలు, తలుపు సందుల్లో గుడ్డపీలికలు, గుమ్మం పక్కన కొక్కేనికి పొడుగు చేతుల చొక్కా, అంచుల టోపీ. అన్నీ పిల్ల కోసమే. పొద్దుగూకితే తప్ప దానికి బయటిగాలి లేదు.

డాక్టరమ్మ మొదట్లోనే విడమరిచి చెప్పింది. ఎండ తగిలితే ఎవరి చర్మంలోనైనా డీఎన్ఏ అక్కడక్కడా చెడుతుంది. కణం దాన్ని కాపీ చేసుకునేటప్పుడు ఆ చెడినచోట ఆగిపోకుండా, తప్పు పడకుండా దాటించే జన్యువు ఒకటుంది, పోల్‌హెచ్ అని. పిల్లకు తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి వచ్చిన ఆ రెండూ పనిచేయనివే.

"కందదు, మండదు, అందుకే మోసం. తప్పులు లోపల్లోపల పేరుకుంటాయి. ఏదో ఒక మచ్చ క్యాన్సరై కూర్చుంటుంది. ఎండ కన్నెరగకుండా పెంచండి," అంది.

అలాగే పెంచింది తల్లి, కంటికి రెప్పలా. అయినా ఈ ఏడాది మచ్చలు ఎక్కువయ్యాయి. ముక్కు పక్కనున్నది గరుకుగా తేలితే డాక్టరమ్మ కోసి పరీక్షకు పంపింది. "ఎక్కడో తగులుతోందమ్మా, వెతకండి," అంటూ ఎండలోని ఆ పాడు కిరణాలను కొలిచే చిన్న యంత్రం చేతిలో పెట్టింది.

"పరదా సరిగ్గా లాగి ఏడిస్తేగా!" అంది ఆడబిడ్డ, చూడ్డానికొచ్చి. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఈవిడ ముప్పావు.

తల్లి యంత్రం పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఏ కిటికీ దగ్గరా ముల్లు సున్నా దాటలేదు. దాటితే బాగుండు భగవంతుడా, అనుకుంది. శత్రువెవరో తెలిసేది.

పొద్దుగూకాక పిల్ల మొహం కడిగి, ఎండకు కాపుగా పగలు రాసే క్రీము తుడిచేసింది. రోజూ చేసే పనే, చీకటిపడ్డాక ఆ జిడ్డెందుకని. తుడుస్తున్న చేయి ఠక్కున ఆగింది. చెంపల నిండా మచ్చలు, నుదుటి మీద మచ్చలు. కళ్ల చుట్టూ మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది. టోపీ నీడైతే నుదురు బాగుండాలి కదా! ఇదేం చోద్యం?

"వదులమ్మా, నాన్న మొదలెట్టేస్తాడు!" విదిలించుకుని, గూట్లోని నల్ల కళ్లద్దాలు తగిలించుకుని పెరట్లోకి పరిగెత్తింది పిల్ల.

పెరటి షెడ్డులో తండ్రిది వెల్డింగు పని. పగలు చేసుకునే పనిని సాయంత్రానికి మార్చుకున్నాడు, గుడ్లగూబ బయటికొచ్చేది అప్పుడేగా అని. గుడ్లగూబంటే కూతురే, ముద్దుకొద్దీ పెట్టిన పేరు. మంట చూస్తే కళ్లు పోతాయని ఆ అద్దాలు కొనిచ్చిందీ తనే. కాస్త ఎడంగా డబ్బా మీద కూర్చోబెట్టుకుని, కబుర్లు చెబుతూ గేట్లు అతుకుతాడు. పిల్ల రోజు మొత్తంలో నవ్వేది ఆ కాసేపే.

తల్లి యంత్రంతోనే వెనకాల వెళ్లింది. పెరట్లో చీకటి. ముల్లు సున్నా. షెడ్డులో చిటపటలాడుతూ నీలిమంట లేచింది. ముల్లు ఒక్క దూకున చివరికెళ్లి కొట్టుకుంది.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. "ఆపవయ్యా!" అని గావుకేక పెట్టింది. ఆ రొదలో వినపడితేనా! గోడకున్న స్విచ్చు కిందికి లాగేసింది.

"బుద్ధుందా? అతుకు మధ్యలో ఆపుతావా?" మాస్కు పైకెత్తి కసిరాడు.

"మనం వెతికే ఎండ ఇక్కడుంది, నీ మంటలో." ఆమె పిల్ల మొహం అతని వైపు తిప్పింది. "అద్దాలున్న మేరే బాగుంది, చూడు. నేనేమో రోజూ క్రీము తుడిచి మరీ పంపాను."

అతను పిల్ల అద్దాలు తీశాడు. వంటింటి దీపం వెలుగులో ఆ మొహం చూశాడు.

"నేనా?" అన్నాడు. "దీనికోసమేగదే సాయంత్రం పని పెట్టుకుంది!"

కంచే చేను మేసిందని ఆమె అనలేదు. అనే మొహం తనకు మాత్రం ఉందా?

ఆడబిడ్డ ఫోను పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. ఎప్పుడూ లేనిది మెల్లగా చెప్పింది. "డాక్టరమ్మ ఫోను చేసింది. క్యాన్సరేనట. మొదట్లోనే దొరికిందట, కోసినంతలోనే పోయిందట. ఇంకొకటి రానివ్వొద్దంది."

తండ్రి తన తల మీది మాస్కు తీసి పిల్ల మొహానికి పెట్టాడు. వెనక పట్టీ బిగించాడు. పెద్ద మాస్కది, మెడ దాకా కప్పేసింది.

"ఏం కనపడట్లేదు నాన్నా," లోపల్నుంచి నవ్వింది పిల్ల. "మంట పెట్టు, కనపడుద్ది."

"ఇంక పెట్టనమ్మా," అన్నాడు.