పొద్దు గూకేదాకా

శరణమ్మ కంది మొక్క నడుము పట్టుకుని రెండుసార్లు ఊపింది. కింద పరిచిన పాత దుప్పటి మీద పచ్చపురుగులు టపటపా రాలాయి. దుప్పటి అవతలి కొసలు పట్టుకున్న గిరిజమ్మ మొహం తిప్పుకుంది. శరణమ్మ పక్కింట్లో నలభై ఏళ్లుగా కాపురముంటున్నా పురుగులంటే ఆమెకు జంకు పోలేదు. శరణమ్మకు అలాంటి సుకుమారాలు లేవు. అరవై రెండేళ్ల మనిషి. చేతివేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి, ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. ఝరాసంగం చుట్టుపక్కల ఎవరి కందికి పురుగు పట్టినా దులపడానికి ఆమెనే కూలికి పిలుస్తారు. ఈరోజు మాత్రం సొంత చేను. ఉన్నదే ఎకరంన్నర. ఏడాది తిండీ బట్టా అందులోంచే రావాలి.

గట్టు మీద కొడుకు రాజశేఖర్ పురుగుమందు డబ్బా, అద్దెకు తెచ్చిన పంపు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కాయపట్టే చేను కళ్లముందే పోతుందని అతని భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

“ఈ ఏడు అందరు మందు కొట్టిన్రు అవ్వా. మనమే మిగిలినం.”

“పొద్దు గూకెదాక ఆగు బిడ్డా. అప్పటికి చెట్టుకు రెండు పురుగులకన్న ఎక్కువ కనవడ్తె నువ్వే కొట్టు. నేను అడ్డం రాను.”

గిరిజమ్మ గొణిగింది. “గింత చేను మనిద్దరితోటి అయితదా అక్కా?”

“ఇద్దరమేంది? పిట్టలు రావా?”

తెల్లవారుజామునే పసుపు కలిపి వండిన అన్నం సాళ్ల పొడవునా చల్లి ఉంచింది. పచ్చటి మెతుకులు దూరానికే కనిపిస్తాయి. వాటి కోసం దిగిన గోరింకలకు ఆకు చాటున పురుగు కనబడుతుంది. ఇక అన్నం ఎవరికి కావాలి? విందుకు పిలిచి వడ్డించాక అతిథిని తినొద్దంటే మాత్రం వింటాడా! తొమ్మిది గంటలకల్లా గోరింకలు గుంపుగా దిగాయి. వెనకే రెండు కొంగలు పెద్దమనుషుల్లా నడుచుకుంటూ వచ్చాయి.

భర్త సంగప్ప బతికున్నప్పుడు ఒక ఏడు ఆమె మాట వినకుండా మందు కొట్టాడు. చచ్చిన పురుగులను తిని ఇంటి కోళ్లు పదకొండూ సాయంత్రానికి కాళ్లు చాపాయి. గోరింకలు ఆ ఏడు మళ్లీ చేలో వాలలేదు. పదిహేను రోజులకు పురుగు తిరిగొచ్చింది, తినే నోరు లేక రెట్టింపయింది. శరణమ్మ నెల రోజులు మొగుడితో మాట్లాడలేదు. ఆ కోళ్లను తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

దుప్పటిలోని పురుగులను ఇంటి కోళ్ల కోసం గంపలో పోస్తూ కొడుకును పిలిచింది.

“ఎండను ఆకు తింటది, ఆకును పురుగు తింటది. గంపెడు ఆకు మెక్కితె పురుగు పిడికెడైతది. గంపెడు పురుగులు మెక్కితె కోడి ఒక్క గుడ్డు పెడ్తది. అందుకే పురుగులు లచ్చ, పిట్టలు పది. ఆ పదింటిని సంపుకుంటె ఈ లచ్చను ఎవలు తింటరు, నువ్వు తింటవా?”

రాజశేఖర్‌కు నవ్వొచ్చింది. లేచి వచ్చి దుప్పటి మూడో కొస పట్టుకున్నాడు.

మూడు గంటలకు ఆఖరి సాలు అయింది. శరణమ్మ ఎడమ భుజం నొక్కుకుంటూ గట్టుకు ఆనుకుని కూర్చుంది. “జర నడుం వాలుస్త. పొద్దు గూకినంక నువ్వే లెక్కవెట్టు” అంది.

సూర్యుడు పడమటి దిక్కు చెట్ల వెనక్కి దిగాక రాజశేఖర్ చేను నాలుగు మూలలా తిరిగి ఇరవై మొక్కలు వెతికాడు. కొన్నిటికి ఒక్కో పురుగుంది. చాలావాటికి అదీ లేదు.

“అవ్వా, గెలిచినవ్!” అని సాలు మధ్య నుంచే కేకేశాడు.

ఆమె పలకలేదు. గిరిజమ్మ వెళ్లి భుజం తట్టింది, చల్లబడిపోయిన చేయి పట్టుకు చూసింది, అలాగే పక్కన కూలబడిపోయింది. రాజశేఖర్ పరుగెత్తుకొచ్చాడు. ఆ కేక ఆమె విన్నదో లేదో చెప్పమని గిరిజమ్మను పదేపదే అడిగాడు. గిరిజమ్మకు అబద్ధమాడటం చేతకాలేదు.

మర్నాడు వాళ్ల కులం ఆనవాయితీ ప్రకారం శరణమ్మను సొంత చేలోనే, కూర్చున్న భంగిమలో మట్టిలో పెట్టారు. మందు పోయని అద్దె పంపు కడగాల్సిన పని లేకుండానే తిరిగి వెళ్లింది. జనం వెళ్లిపోయాక గట్టు మీద ఒక గుడ్డమూట మిగిలింది. ముందురోజు మధ్యాహ్నం ఆమె సగం తిని దాచుకున్న జొన్నరొట్టె అందులో ఉంది. చీమలు దాన్ని తునక తునకగా కంది సాళ్లలోకి మోసుకుపోతున్నాయి.